వేరే దండెం

"ఆ మూల ఎండ పడదు అత్తయ్యా. ఎండ తగలని చోట ఆరేస్తే ఉతికినా ఉతకనట్టే" అని కోటేశ్వరి అప్పటికే రెండుసార్లు చెప్పింది.

"గాలి తగులుద్దిగా" అంది వెంకటరమణమ్మ, తాడు ముడి బిగిస్తూ.

పెరట్లో బాత్‌రూం గోడకున్న మేకుకీ, నీళ్ళ ట్యాంకు కింది ఇనప గుంజకీ మధ్య ఆవిడ నైలాను తాడు కడుతోంది. మోకాళ్ళ నొప్పులని వీధి చివర కొట్టుకి కూడా మనవరాలిని పంపే మనిషి, ఆ పొద్దున స్టూలెక్కి మరీ కడుతోంది. మేడ మీద రెండు పొడవాటి దండేలున్నాయి. పొద్దెక్కిన దగ్గర్నుంచి వాలేదాకా ఎండ మాడ్చేసే చోటు అది. ఇక మీదట కోటేశ్వరి గుడ్డలు అక్కడ కనపడకూడదన్నది ఆవిడ తీర్మానం. ఈ మూలైతే వీధిలోకి కనపడదు, పక్కింటివాళ్ళకీ కనపడదు.

"ఎండలో ఆరెయ్యమని చర్మాల డాక్టరమ్మే చెప్పింది. నా ఒక్కదాని కోసం కాదు, అందరి కోసం చెబుతున్నా."

"అందరి కోసమే నేనూ కడుతున్నా. మీ మామయ్య పంచె పక్కన నీ లంగా ఆరేస్తే ఆయనకి అంటుకోదా? మిషన్లో కూడా నీవి వెయ్యమాక. చేత్తో ఉతుక్కో."

కోటేశ్వరి తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళ సందుల్లో సన్నటి గీతలు, గోకి గోకి పుండైన చోట నల్లటి పక్కులు. మామయ్య పంచె ఉతికేది ఈ చేతులే. ఆ సంగతి ఆమె నిన్ననే అడిగింది. ఉతికేటప్పుడు సబ్బు ఉంటది కదా అంది అత్తగారు. మరి వంట చేస్తున్నాను కదా అంటే, పొయ్యి మీద మరుగుద్ది కదా అంది. ఆవిడ దగ్గర అన్నిటికీ సమాధానం ఉంది. కంచం వేరే పెట్టారు, గ్లాసు వేరే పెట్టారు, పడక వేరే చేశారు. ఇప్పుడు దండెం కూడా. ఆమె చేసే పనులు మాత్రం ఒక్కటీ వేరే కాలేదు. ఇంటిల్లిపాది గుడ్డలూ ఆమే ఉతకాలి, ఇంటిల్లిపాదికీ ఆమే వండాలి. గజ్జి చేతులతో చేసినా గజ్జి అంటని పనులు ఏవో, అంటుకునే పనులు ఏవో వెంకటరమణమ్మ ఎప్పుడు తేల్చుకుందో గానీ, లెక్క మాత్రం ఎక్కడా తప్పలేదు.

గజ్జి అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. వెంకటరమణమ్మ "అది" అంటుంది. భర్త నాగార్జున "నీ స్కిన్ ప్రాబ్లం" అంటాడు. నరసరావుపేటలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ అతను. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా వేసుకుని, వాచీ చూసుకుంటూ మాట్లాడే మనిషి. మామగారు గోపాలకృష్ణయ్య ఏమీ అనడు. పేపరు మడిచి కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంటాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు వెన్నెల, మొన్న స్కూలుకి తయారవుతూ, తల్లి దువ్వెన పట్టుకుని దగ్గరికి రాబోతుంటే, "వద్దులే అమ్మా, నా జడ నేనే వేసుకుంటా" అంది. పిల్ల మెల్లిగానే అంది. జడ వంకరగా వచ్చింది. ఆ వంకర జడతోనే వీధి మలుపు తిరిగిందాకా కోటేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది.

దసరాకి ముందు మొదలైంది ఇదంతా. మొదట వేళ్ళ మధ్య చిన్న చిన్న పొక్కులు. తర్వాత మణికట్ల దగ్గర, నడుం చుట్టూ, రొమ్ముల కింద. పగలు పనిలో పడితే మరిచిపోవచ్చు, పక్క మీద వాలితే మాత్రం ఒళ్ళంతా ఎవరో సూదులు పెట్టి కదుపుతున్నట్టుండేది. వేడి చేసి ఉంటది, మజ్జిగ తాగు అన్నాడు నాగార్జున అటు తిరిగి పడుకుంటూ. వేపాకు కాచిన నీళ్ళు పోసుకోమంది అత్తగారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు చల్లగా ఉండి, మళ్ళీ రెట్టింపై వచ్చింది. అప్పుడు చర్మాల డాక్టరు నిఖత్ దగ్గరికి వెళ్ళింది. చిన్న వయసావిడ. లైటున్న భూతద్దంతో వేళ్ళ సందులు చూసి, ఇది గజ్జి, కంటికి కనపడని పురుగు చర్మం కింద సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది, మందుకి తప్పకుండా పోతుంది, కానీ ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఒకే రోజున మెడ దగ్గర్నుంచి అరికాలి దాకా మందు రాసుకుని తెల్లవారేదాకా ఉంచుకోవాలి, దురద ఉన్నా లేకపోయినా రాసుకోవాలి, ఒక్కరు మానేసినా మళ్ళీ అందరికీ వస్తుంది అని చెప్పింది. వారం తర్వాత ఇంకోసారి రాసుకోమంది. దుప్పట్లు, తువ్వాళ్ళు వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యమంది.

కోటేశ్వరి అవన్నీ తు.చ. తప్పకుండా ఇంటికి మోసుకొచ్చింది. ఆ రోజున ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ గంగాళంలో ఉడకబెట్టి, ఒక్కతే పిండి, ఒక్కతే మేడ మీదికి మోసింది. సాయంత్రం తలా ఒక ట్యూబు చేతిలో పెట్టింది. నాకేం రోగం, ఒంటికి నలుగు పెట్టుకునే వయసా నాది అని వెంకటరమణమ్మ ట్యూబు దేవుడి గూట్లో పెట్టేసింది. కోడలు బతిమాలాక చేతులకి మాత్రం రాయించుకుంది. మామగారు పాదాలకి మాత్రం రాసుకుని, పంచె తడుస్తుందని ఆపేశాడు. వెన్నెలకి కోటేశ్వరే ఒళ్ళంతా రాసింది. నాగార్జున ట్యూబు తీసుకుని బాత్‌రూంలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి, రాసుకున్నానన్నాడు. అతని మాట ఎవరూ తిరగేసి చూడరు ఆ ఇంట్లో.

అందరివీ అయ్యాక తనకి రాసుకుంది. చేతులు, కాళ్ళు, పొట్ట, మెడ. వీపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అందలేదు. కుడిచెయ్యి పైనుంచి, ఎడమచెయ్యి కిందనుంచి, ఎంత వంకర తిరిగినా మధ్యలో అరచెయ్యంత మేర మిగిలిపోయింది. ఏవండీ, కొంచెం ఇక్కడ రాస్తారా అని అడిగింది. అతను ఫోన్లోంచి తలెత్తాడు. "నా చేతికి అంటుకుంటే? పొద్దున్నే బోర్డు మీద రాయాలి నేను. వెన్నెలని పిలువు" అన్నాడు. వెన్నెల అప్పటికి నాయనమ్మ పక్కన పడుకుని నిద్రపోయింది. కోటేశ్వరి ట్యూబు మూత పెట్టేసింది.

తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంట్లో అందరికీ కారణం దొరికింది. కోటేశ్వరి అంగన్‌వాడీ టీచరు. పేట చివర కాలనీలో సెంటరు. పెళ్ళైన కొత్తలో, నాగార్జునకి ఇంకా పర్మినెంటు కాని రోజుల్లో, ఆ ఉద్యోగం చేస్తే బాగుంటుందని తోలింది ఈ ఇంటివాళ్ళే. ఇప్పుడు ఆ కాలనీ పిల్లల్ని చంకనేసుకుంటావు, వాళ్ళ ముక్కులు తుడుస్తావు, అక్కడ్నించే తెచ్చి మా ఇంట్లో పోశావు అంటోంది వెంకటరమణమ్మ. అమ్మ అనేదాంట్లో తప్పేముంది, ఆ ఉద్యోగం మానెయ్యి అంటాడు నాగార్జున. ఎవరి ఇంటికి ఎవరు ఏం తెచ్చారో తేలకముందే, మానెయ్యడం మాత్రం తేలిపోయింది.

ఉద్యోగం అంటే ఆమెకి ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు, వాళ్ళూ అడగలేదు. పొద్దున్నే గేటు తీస్తుంటే నలుగురు బుడ్డాళ్ళు పరిగెత్తుకొచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటారు. కొత్తగా చేరిన పిల్ల ఏడుస్తూ రెండు చేతులూ చాస్తుంది. ఈ భూమ్మీద ఆమె వంక చేతులు చాచేవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అక్కడే ఉన్నారు. ఇంట్లో ఆమె వంక చాచే చేతుల్లో ఎప్పుడూ ఖాళీ కంచమో, విడిచిన చొక్కానో ఉంటుంది. గజ్జి అని తెలిసిన దగ్గర్నుంచి ఆమె పిల్లల్ని ఎత్తుకోవడం మానేసింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, దూరంగా కుర్చీలో కూర్చుని పాటలు చెబుతోంది. చేతులు చాచిన పిల్ల కాసేపు అలాగే నిలబడి, తర్వాత చేతులు దించేసుకునేది. దురద కంటే అదే ఎక్కువ కోసేది.

తాడు కట్టిన మర్నాడు సెంటరుకి సెలవు పెట్టి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. హాలు నిండా జనం. పక్క కుర్చీలో కూర్చున్న ముసలావిడ, అడక్కముందే పేరు రామాయమ్మ అనీ, కారంపూడి నుంచి తొలి బస్సుకి వచ్చాననీ చెప్పింది. తనూ మణికట్టు గోక్కుంటూనే ఉంది.

"నీదీ ఇదేనా అమ్మాయ్? సిగ్గెందుకు, చెప్పు. మా మనవడు తెచ్చాడు నాకు. మీ పేటలోనే కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతన్నాడు. సెలవలకొచ్చి, చిన్నప్పట్నించీ అలవాటేగా, నా పక్కలో దూరి పడుకున్నాడు. వాడు పోయిన పది దినాలకి నాకు మొదలు."

ఏ కాలేజీ అని కోటేశ్వరి అడిగింది. రామాయమ్మ చెప్పిన పేరు విని, బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుంది.

"హాస్టలు మొత్తం అదేనంట. చవితి పందిళ్ళప్పుడే మొదలంట. ఇంటికి పంపితే అందరికీ తెలుస్తది, పేరు పోతదని ఒక్కణ్ణీ పంపలా. సార్లకి కూడా నోరు మెదపొద్దని చెప్పారంట. రాత్రుళ్ళు కాపలా పడుకునే సారుకీ ఉందంట, ఫిజిక్సు సారు. ఒక చేత్తో బోర్డు మీద రాస్తా, రెండో చెయ్యి జేబులో పెట్టి గోక్కుంటాడంట. పిల్లలు ఆయనకి పేరు కూడా పెట్టారంటలే. నీకు చెప్పకూడదు." రామాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కోటేశ్వరి కూడా నవ్వింది. నవ్వాలి కాబట్టి నవ్వింది. నాగార్జునకి వారంలో రెండు రాత్రులు హాస్టల్ డ్యూటీ. వినాయక చవితి పందిళ్ళు తీసిన వారంలోనే అతను ఉన్నట్టుండి పొడుగు చేతుల చొక్కాలకి మారాడు. ఉక్కపోతలో ఎందుకండీ అంటే కాలేజీలో రూలు పెట్టారన్నాడు. టిఫిన్ బాక్సు తియ్యబోతే బ్యాగు పక్క జేబులో సగం నొక్కిన ట్యూబు కనపడింది. చెమట పొక్కులకి, నీకెందుకు అని బ్యాగు లాక్కున్నాడు. ఇవన్నీ ఆమెకి గుర్తున్నవే. విడివిడిగా గుర్తున్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. భర్త చెప్పినదాన్ని అలా పక్కపక్కన పెట్టి చూడటం ఆమెకి ఎవరూ నేర్పలేదు. తనకి తన మీద ఉన్నంత అనుమానం అతని మీద ఎప్పుడూ కలగలేదు. అతనికి తెలుసు. ఆమె వేపాకు నీళ్ళు కాచుకుంటున్నప్పుడు తెలుసు. అత్తగారు ఆమె కంచం వేరే పెట్టినప్పుడు తెలుసు. కాలనీ పిల్లల మీద నింద వేసినప్పుడు, అమ్మ అనేదాంట్లో తప్పేముంది అన్నప్పుడు కూడా తెలుసు.

లోపల డాక్టరు నిఖత్ చేతులు చూసి పెదవి విరిచింది. "మందు పనిచేసింది. ఇవి పాతవి కావు, కొత్తగా వచ్చినవి. ఇంట్లో అందరూ రాసుకున్నారా?"

"రాసుకున్నారండి" అంది కోటేశ్వరి. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట. బయటివాళ్ళు ఇంటి గురించి ఏం అడిగినా అందరూ బాగున్నారని చెప్పే నోరు అది.

డాక్టరు ఆమెని వెనక్కి తిరగమంది. జాకెట్టు హుక్కులు తీసి చూసింది. భూతద్దం అంచు రెండు రెక్కల మధ్య చల్లగా ఆనింది. "ఇక్కడ అసలు మందే తగల్లేదమ్మా. ఒళ్ళంతా తగ్గిన చోట తగ్గింది, ఇక్కడ గూడు కట్టింది. వీపుకి ఎవరు రాశారు?"

కోటేశ్వరి గోడ మీదున్న చర్మం బొమ్మని చూస్తూ నిలబడింది. వినపడలేదనుకుని డాక్టరు మళ్ళీ అడిగింది. వీపుకి ఎవరు రాశారు. ఎంత చిన్న ప్రశ్న. పెళ్ళైన దగ్గర్నుంచి ఆమె రుద్దని వీపు లేదు ఆ ఇంట్లో. ఆదివారాలు నాగార్జున వీపుకి నూనె పెట్టింది. చలికాలం వస్తే అత్తగారి వీపుకి నొప్పుల మందు పట్టించింది. మామగారికి ఆపరేషనైనప్పుడు తడిగుడ్డతో ఆయన వీపు తుడిచింది. వెన్నెల పుట్టిన దగ్గర్నుంచి ఆ చిన్న వీపు మీద చెయ్యి వెయ్యని రోజు లేదు. తనకి ఒక వీపు ఉందని, దాని మీద ఒక చెయ్యి పడాలని ఇవాళ్టిదాకా ఎవరూ అడగలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఎవరూ రాయలేదండీ అంది చివరికి. తను చెప్పిన అబద్ధాలన్నీ ఆ ఒక్క మాటతో ఊడిపోయినట్టు, ఇంట్లో ఎవరెంత రాసుకున్నారో కూడా చెప్పేసింది.

డాక్టరు ఓదార్చలేదు. బయట ఇంకా చాలామంది ఉన్నారు. చీటీ రాస్తూ, సెంటర్లో పిల్లలు గోక్కుంటున్నారా అని మాత్రం అడిగింది. లేదండీ, ఒక్కొక్కళ్ళనీ చూశాను, ఎవరికీ లేదు అంది కోటేశ్వరి.

"ఎత్తుకుని దించినంత మాత్రాన అంత తేలిగ్గా రాదమ్మా ఇది" అంది డాక్టరు తలెత్తకుండానే. "పక్కన పడుకునేవాళ్ళ దగ్గర్నించి వస్తుంది."

బయటికొచ్చాక రామాయమ్మ ఫోన్ నంబరు తీసుకుని, మెడికల్ షాపులో ఇంటిల్లిపాదికీ మళ్ళీ ట్యూబులు కొని, ఇంటికి వెళ్ళకుండా ఆటో ఎక్కి సెంటరుకి వెళ్ళింది. పిల్లలు అప్పటికే వెళ్ళిపోయారు. ఆయా కృపామణి ఒక్కతే గిన్నెలు బోర్లిస్తోంది. కోటేశ్వరి కంటే పదేళ్ళు పెద్దది, ఆ కాలనీ మనిషే.

"సెలవు పెట్టి వచ్చారేంది టీచరమ్మా? మొకమేంది అట్టుంది?"

కోటేశ్వరి సంచిలోంచి ఒక ట్యూబు తీసి పట్టుకుంది. అడగాల్సిన మాట నోట్లోనే తిరుగుతోంది. వీపు, అంది. చెయ్యి అందట్లేదు కృపా, అంది. ఆపైన ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కృపామణి చేతులు కొంగుకి తుడుచుకుని, తలుపు గడియ పెట్టి, పప్పు బస్తాల పక్కన పీట వేసింది.

"నీకు అంటుకుంటుందేమో."

"కడుక్కుంటాలే. చేతులు కడుక్కోండని రోజూ పిల్లలకి చెప్పేది మీరేగా, సబ్బుకేం తక్కువ. తిరగండి అటు."

ఆ చెయ్యి గరుకుగా ఉంది. గిన్నెలు తోమి తోమి కాయలు కాసిన అరచెయ్యి. రెక్కల మధ్య నుంచి నడుం దాకా, పక్కలకి, మళ్ళీ పైకి, తొందర లేకుండా రాస్తోంది. కోటేశ్వరి కళ్ళు మూసుకుంది. దురద మీద చల్లగా మందు పాకుతుంటే, ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకుని ఉన్నదేదో లోపల్లోపల వదులవుతోంది. వెనక ఉన్న మనిషి మొహం కనపడదు గనక చెప్పడం తేలికైంది. ఇంట్లో నాకు కంచం వేరే పెట్టారు కృపా, గ్లాసు కూడా వేరే పెట్టారు, అంది.

"వేరే గ్లాసు సంగతి నాకు చెబుతున్నారా టీచరమ్మా" అని కృపామణి నవ్వింది.

దెప్పాలని అన్నది కాదు. నవ్వులాటకే అంది. చెయ్యి కూడా ఆగలేదు. కానీ కోటేశ్వరి కళ్ళు తెరుచుకున్నాయి. సెంటరు రిజిస్టర్లు పట్టుకుని కృపామణి ఇంటికొస్తే వరండాలోనే కూర్చుంటుంది. ఆమె టీ తాగే స్టీలు గ్లాసు ప్రహరీ గోడ మీద బోర్లించి ఉంటుంది. అక్కడ పెట్టించింది అత్తగారే. రోజూ కడిగి మళ్ళీ అక్కడే బోర్లించింది మాత్రం కోటేశ్వరి చేతులు. ఏమన్నా అది చాలదు. కృపామణి మందు రాయడం ముగించి, జాకెట్టు హుక్కులు తనే పెట్టింది.

ఆదివారం ఎడ్లపాడు నుంచి ఆడపడుచు అన్నపూర్ణ, ఆమె భర్త వచ్చారు. ఊరికే రాలేదు. వెంకటరమణమ్మ ఫోన్ చేసి పిలిపించింది. పొద్దున్నుంచీ కోటేశ్వరి వంటింట్లోనే ఉంది. కోడికూర, పప్పుచారు, దోసకాయ పచ్చడి అన్నీ పొయ్యి మీద మరిగాయి గనక ఎవరికీ ఏ భయమూ లేదు. అందరూ హాల్లో కూర్చున్నారు. ఆమె గురించి మాట్లాడుతున్నారు గనక ఆమెని పిలవలేదు. మాటలు వంటింట్లోకి వినపడుతూనే ఉన్నాయి. నేను పరాయిదాన్ని కాదు గనక చెబుతున్నా అంటోంది అన్నపూర్ణ. ఇయ్యాల ఇంట్లో ఉన్నది, రేపు బయట పడితే ఆడపిల్ల ఉన్న ఇల్లు, ఎవరైనా ఏమనుకుంటారు. అంగన్‌వాడీల ఆఫీసులో తనకి తెలిసినవాళ్ళున్నారు, రాజీనామా రాసిస్తే చాలు, తిరిగే పని లేకుండా తీసుకునేట్టు చూస్తానంటున్నాడు ఆమె భర్త. ఇల్లు ముఖ్యం కదరా ఎవరికైనా అన్నాడు గోపాలకృష్ణయ్య, పేపరు పక్కన పెట్టి.

"నెలాఖరుకి మానేస్తుందిలే అక్కా" అన్నాడు నాగార్జున.

కోటేశ్వరి స్టవ్ ఆపేసింది. మానేస్తుంది. వంకాయ కూర చేస్తుంది, చొక్కా ఇస్త్రీ చేస్తుంది అన్నట్టే. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ట్యూబులున్న సంచి తీసుకుని హాల్లోకి వచ్చింది. మూల కుర్చీలో వెన్నెల తల వంచుకుని పుస్తకం చూస్తోంది. పేజీ తిరగట్లేదు.

"నేను మానను" అంది కోటేశ్వరి.

గొంతు లేవలేదు. కూర అయింది, వడ్డించమంటారా అన్నట్టే ఉంది.

"ఏందే?" అన్నాడు నాగార్జున.

"మానను. సెంటర్లో ఒక్క పిల్లకీ ఇది లేదు. ఇది మీ కాలేజీ హాస్టల్లోది. చవితి అప్పుడే మీకు వచ్చింది. మీ పక్కన పడుకున్నాను కాబట్టి నాకు వచ్చింది."

"ఎవరు చెప్పారే నీకు?"

లేదు అనలేదు అతను. అబద్ధం అనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. ఆ సంగతి అందరికీ ఒకేసారి అర్థమైంది. అన్నపూర్ణ తమ్ముడి చొక్కా చేతుల వంక, గుండీ పెట్టిన మణికట్ల వంక చూసి, తను కూర్చున్న సోఫాలో కొంచెం పక్కకి జరిగింది. మొదట తేరుకున్నది వెంకటరమణమ్మ.

"అయితే మాత్రం వాడేం కావాలని తెచ్చుకున్నాడా? రాత్రనకా పగలనకా ఆ హాస్టలు చాకిరీ. పాపం పిచ్చినాయన, నోరు తెరిచి చెప్పుకోలేదు" అంది. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

కోటేశ్వరి అత్తగారి మొహంలోకి చూసింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. అదే గజ్జి. కోడలి ఒంటి మీద రోత, కొడుకు ఒంటి మీద కష్టం. కంచం వేరే పెట్టమని ఇప్పుడు ఎవరూ అనరు. అతను మాత్రం తల్లి మాట పట్టుకుని, అదే కదా, చెబితే కాలేజీలో ఊరుకోరు, ఉద్యోగం పోయేది అంటున్నాడు. తన ఉద్యోగం పోకుండా ఉండటానికి ఆమె ఉద్యోగం ఇచ్చేస్తున్నానని అతనికి తోచిందో లేదో. తోచినా, అందులో తప్పు కనపడి ఉండదు.

ఆమె సంచిలోని ట్యూబులు ఒక్కొక్కటీ టీపాయ్ మీద పెట్టింది.

"ఇయ్యాలే అందరూ రాసుకోవాలంట. మెడ నించి కాళ్ళ దాకా, వీపుతో సహా. నేను వెన్నెలకి రాస్తా. మిగతావాళ్ళ వీపులు ఎవరు ఎవరికి రాస్తారో మీరు చూసుకోండి, నేను రాయను. హాస్టల్లో కూడా పిల్లలందరికీ ఒకే రోజు మందు వెయ్యాలని కాలేజీలో మీరు చెప్పండి. రేపు సాయంత్రం దాకా చూస్తా. మీరు చెప్పకపోతే పిల్లల ఇళ్ళకి నేను చెబుతా. ఒకళ్ళ నంబరు నా దగ్గరుంది."

నాగార్జున ఏదో అనబోయి, అలవాటు చొప్పున కుడిచేత్తో ఎడమ మణికట్టు గోక్కోబోయి, అందరూ చూస్తుంటే ఆ చేతిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. వెన్నెల పుస్తకం మూసింది. లేచి, తల్లి పక్కకి వచ్చి కాదు గానీ, ఆమెకి కనపడేంత దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నం అయ్యాక మాట్లాడుకుందాంలేమ్మా" అన్నాడు గోపాలకృష్ణయ్య.

"మాట్లాడేదేం లేదు మామయ్యా. ఇంకొక్కటే ఉంది" అంది కోటేశ్వరి. అత్తగారి వైపు తిరిగింది. "మీరు కట్టిన తాడు పొద్దున్నే విప్పాను అత్తయ్యా. ముందు వాకిట్లో, గేటు పక్కన కట్టాను. అక్కడ ఎండ బాగా పడుద్ది. వీధిలోకి కనపడితే కనపడనీండి. వేరే దండెం అన్నారు కదా, వేరే దండెమే ఉండనీండి. దాని మీద నా గుడ్డలే ఆరతాయి. రేపట్నించి నేను ఉతికేది కూడా అవే."